ఇంటి మీద సోలార్, ప్రభుత్వ సబ్సిడీ: తరచుగా అడిగే ప్రశ్నలు

డాబా మీద సోలార్ పెట్టించాలనుకునేవాళ్లు ఎవరు కలిసినా అడిగేవి దాదాపు ఇవే. ప్రతిసారీ మొదటినుంచి చెప్పడం కంటే ఒకచోట రాసి పెడితే మేలనిపించింది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు. లెక్కలన్నీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇళ్లకు సంబంధించినవి.

## పెట్టించాలా వద్దా అని ఆలోచిస్తున్నప్పుడు

అసలు ఈ పథకం ఏమిటి? ఎప్పటిదాకా ఉంటుంది?

పేరు 'పీఎం సూర్య ఘర్: ముఫ్త్ బిజ్లీ యోజన'. 2024 ఫిబ్రవరి 13న ప్రారంభమైంది. అదే నెల 29న కేంద్ర మంత్రివర్గం 75,021 కోట్ల రూపాయల ఖర్చుకు ఆమోదం తెలిపింది. కోటి ఇళ్ల మీద సోలార్ పెట్టించడం లక్ష్యం. 2025 మార్చిలో 10 లక్షల ఇళ్లు దాటాయి. పథకం గడువు 2026-27 ఆర్థిక సంవత్సరం చివరి వరకు.

నెలకు 300 యూనిట్లు ఊరికే ఇస్తారట, నిజమేనా?

ఎవరూ ఏమీ ఊరికే ఇవ్వరు. మీ డాబా మీద మీరు డబ్బు పెట్టి బిగించుకున్న ప్యానెళ్లు తీసే కరెంటే ఆ 300 యూనిట్లు. ఆ ఖర్చులో కొంత భాగం ప్రభుత్వం భరిస్తుంది, అంతే. మన ఎండకి ఒక కిలోవాట్ రోజుకు సగటున 4 యూనిట్ల దాకా తీస్తుంది. కాబట్టి 3 కిలోవాట్లు పెడితే నెలకు 300 దాటడం మామూలే. పథకం పేరులో 'ముఫ్త్' (ఉచితం) అని ఉండబట్టి ఈ అపోహ వచ్చింది.

సబ్సిడీ ఎంత వస్తుంది?

మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కు 30,000 రూపాయలు, మూడో కిలోవాట్‌కు 18,000. అంటే 1 కిలోవాట్‌కు 30,000, 2కు 60,000, 3కు 78,000. అక్కడితో సరి. 5 పెట్టినా, 10 పెట్టినా 78,000 మించదు. మధ్యలో ఆగితే దామాషాగా లెక్కిస్తారు, 2.5 కిలోవాట్లకు 69,000 వస్తుంది.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ప్యానెళ్ల మొత్తం సామర్థ్యం, వాటి కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే ఇన్వర్టర్ సామర్థ్యం రెండింట్లో ఏది తక్కువో దానికే సబ్సిడీ ఇస్తారు. 3.2 కిలోవాట్ల ప్యానెళ్లు పెట్టి 2.5 కిలోవాట్ల ఇన్వర్టర్ తగిలిస్తే మీకు వచ్చేది 2.5 లెక్కనే.

రాష్ట్ర ప్రభుత్వం కూడా ఏమైనా కలుపుతుందా?

ఆంధ్రప్రదేశ్‌లో బీసీ కుటుంబాలకు కిలోవాట్‌కు 10,000 చొప్పున, 2 కిలోవాట్ల వరకు రాష్ట్రం అదనంగా ఇస్తుంది. కేంద్రం ఇచ్చే 60,000తో కలిపి 80,000 అవుతుంది. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు 2 కిలోవాట్ల వరకు ఉచితంగా పెట్టించే కార్యక్రమం డిస్కంల (విద్యుత్ పంపిణీ సంస్థల) ద్వారా నడుస్తోంది. ఆ కోవలోకి వచ్చేవాళ్లు సొంతంగా వెండర్‌కి (సోలార్ అమ్మి బిగించేవాడికి) అడ్వాన్సు ఇచ్చేముందు ఒకసారి మీ కరెంటు సెక్షన్ ఆఫీసులో అడగండి. చేతి డబ్బు పెట్టాక ఉచిత జాబితాలో పేరుందని తెలిస్తే బాధగా ఉంటుంది.

మా ఇంటికి ఎన్ని కిలోవాట్లు కావాలి? వెండర్ 5 పెట్టమంటున్నాడు.

వెండర్ మాట పక్కన పెట్టి, గడిచిన 12 నెలల కరెంటు బిల్లులు తీయండి. మే నెల ఒక్కటీ చూసి నిర్ణయిస్తే ఎక్కువ పెట్టించేస్తారు, డిసెంబరు చూస్తే తక్కువ. ఏడాది సగటు ముఖ్యం.

తర్వాత స్లాబులు చూడండి. అసలు కిటుకంతా అక్కడే ఉంది. ఏపీలో 2022 నుంచి ఉన్న ఇంటి టారిఫ్ ఇలా ఉంది: మొదటి 30 యూనిట్లు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. నెలకు 350 యూనిట్లు వాడే ఇంటిని తీసుకుందాం. కేవలం యూనిట్ల ఖర్చే 2,110 రూపాయలు. 2 కిలోవాట్ల సోలార్ 240 యూనిట్లు తీస్తే, తగ్గేవి పైనున్న ఖరీదైన యూనిట్లు. మిగిలిన 110 యూనిట్లకు 350 రూపాయలే అవుతుంది. అంటే 2 కిలోవాట్లు నెలకు 1,760 మిగిల్చాయి. ఇప్పుడు మూడో కిలోవాట్ కలిపితే? ఇంకా తగ్గడానికి ఉన్నది ఆ 350 మాత్రమే. దానికి వచ్చే సబ్సిడీ కూడా 18,000కి పడిపోయింది.

తెలంగాణలోనూ కథ ఇదే. నెలకు 200 దాటితే మొదటి యూనిట్ నుంచే 5 రూపాయలు, 201-300కి 7.20, 301-400కి 8.50. అదే 350 యూనిట్ల ఇంటికి 2,145 అవుతుంది. సోలార్ పోను 110కి దిగితే కేటగిరీయే మారి 388కి వస్తుంది.

అందుకే నా సలహా: నెలకు 350 లోపు వాడే ఇంటికి 2 కిలోవాట్లు చాలు. ఏసీలు రెండు ఉండి వేసవిలో 500 దాటే ఇంటికి 3 పెట్టొచ్చు. 5 అన్నదానికి ఏడాది పొడవునా నెల బిల్లు 5,000 దాటే ఇళ్లకే అర్థముంది. ఎలక్ట్రిక్ కారు కొనే ఆలోచన ఉంటే వేరే సంగతి.

మాకు తెలంగాణ గృహజ్యోతి పథకంలో జీరో బిల్లు వస్తోంది. సోలార్ అవసరమా?

ఏడాదంతా 200 యూనిట్ల లోపే ఉండి జీరో బిల్లు వస్తుంటే, మిగుల్చుకోవడానికి ఏమీ లేదు. సబ్సిడీ వస్తుంది కదా అని పెట్టించడం డబ్బు ఇరికించుకోవడమే. వేసవిలో మూడు నాలుగు నెలలు 200 దాటి మొత్తం బిల్లు కట్టాల్సి వస్తున్నవాళ్లు మాత్రం ఆ నెలల బిల్లులు కూడి చూసుకోండి. కూడినా ఏడాదికి ఆరేడు వేలు దాటకపోతే తొందరపడక్కర్లేదు.

డాబా మీద ఎంత చోటు కావాలి?

కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగులు, అదీ నీడ పడని చోటు. ప్యానెళ్లు దక్షిణం వైపు వాలి ఉండాలి. అడుగుల కంటే నీడ ముఖ్యం. ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండుకి, సాయంత్రం నాలుగుకి డాబా ఎక్కి వాటర్ ట్యాంకు, మెట్ల గది, పక్కింటి గోడ నీడలు ఎక్కడ పడుతున్నాయో సుద్దముక్కతో గీత గీయండి. వీలైతే డిసెంబరులో చూడండి. అప్పుడు సూర్యుడు దక్షిణానికి దిగి నీడలు పొడుగ్గా ఉంటాయి. ప్యానెళ్లను వరుసగా ఒకే తీగకు కలుపుతారు కాబట్టి, ట్యాంకు నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా నష్టం దానితో ఆగదు.

అద్దె ఇంట్లో ఉన్నాం, పెట్టించుకోవచ్చా?

కనెక్షన్ మీ పేరు మీద ఉండి, బిల్లు మీరే కడుతూ, డాబా వాడుకోవడానికి యజమాని అనుమతి ఇస్తే పెట్టించుకోవచ్చు. మన దగ్గర కనెక్షన్ ఓనరు పేరు మీదే ఉంటుంది కాబట్టి ఇది అరుదుగానే కుదురుతుంది.

అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకు దారేమిటి?

రెండు దారులున్నాయి. ఒకటి, అసోసియేషన్ పేరు మీద కామన్ మీటర్‌కి పెట్టించడం. లిఫ్టు, మోటారు, మెట్ల లైట్లు, కార్ల ఛార్జింగ్ లాంటి ఉమ్మడి ఖర్చులకు కిలోవాట్‌కు 18,000 సబ్సిడీ ఉంది. ఫ్లాట్‌కు 3 కిలోవాట్ల లెక్కన, మొత్తం 500 కిలోవాట్ల వరకు వర్తిస్తుంది. నెల నెలా మెయింటెనెన్స్‌లో ఉమ్మడి కరెంటు బిల్లు ఎంతో చూస్తే అసోసియేషన్ మీటింగులో ఒప్పించడం పెద్ద కష్టం కాదు. రెండోది, డాబా మీద ఒకేచోట ప్లాంటు పెట్టి యూనిట్లను ఫ్లాట్ల మీటర్లకు పంచే వర్చువల్ నెట్ మీటరింగ్. కేంద్ర మార్గదర్శకాలు దీనికీ సబ్సిడీ ఇస్తాయి. మీ డిస్కం దీన్ని ఎలా అమలు చేస్తోందో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే ముందుకెళ్లండి.

## దరఖాస్తు చేసేటప్పుడు

ఎక్కడ దరఖాస్తు చేయాలి? ఫీజు ఎంత?

పీఎంసూర్యఘర్.గవ్.ఇన్ అనే జాతీయ పోర్టల్‌లో, లేదా అదే పేరున్న యాప్‌లో. రాష్ట్రం, డిస్కం ఎంచుకుని, బిల్లు మీదున్న సర్వీసు నంబరు, మొబైల్ నంబరు ఇచ్చి రిజిస్టర్ కావాలి. తెలంగాణలో యూఎస్‌సీ (యూనిక్ సర్వీస్ కనెక్షన్) నంబరు ఇవ్వాలి. పోర్టల్‌లో రిజిస్టర్ కావడానికి డబ్బు కట్టనక్కర్లేదు. 'మీ సబ్సిడీ మంజూరైంది, ప్రాసెసింగ్ ఫీజు పంపండి' అని వాట్సాప్‌లో లింకు వస్తే అది మోసమే. సందేహముంటే 15555కి ఫోన్ చేయండి, టోల్ ఫ్రీ.

కరెంటు బిల్లు ఇంకా చనిపోయిన మా నాన్నగారి పేరు మీదే ఉంది. ఏం చేయాలి?

ముందు పేరు మార్పించుకోండి, తర్వాతే సోలార్ సంగతి. దరఖాస్తు పేరు, బిల్లు మీద పేరు, సబ్సిడీ పడాల్సిన బ్యాంకు ఖాతా పేరు మూడూ ఒకటి కావాలి. మరణ ధ్రువపత్రం, ఇంటి పన్ను రసీదు, వారసుల అంగీకారం లాంటి కాగితాలు డిస్కం అడుగుతుంది. ఇంటిపేరు పొడి అక్షరంగా ఒకచోట, పూర్తిగా ఇంకోచోట ఉన్నా సరిచేయించుకోండి. సబ్సిడీ ఆగిపోయిందని వచ్చేవాళ్లలో ఎక్కువమందిది ఈ పేర్ల గొడవే.

మా మంజూరు లోడు 1 కిలోవాటే. 3 కిలోవాట్ల సోలార్‌కి ఒప్పుకుంటారా?

ఒప్పుకోవాలి. 2024లో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం, 10 కిలోవాట్ల వరకు దరఖాస్తులకు సాంకేతిక సాధ్యాసాధ్యాల పరిశీలన అక్కర్లేదు, అవి ఆమోదం పొందినట్టే లెక్క. లోడు పెంచాల్సి ఉంటే ఆ పని డిస్కందే. 5 కిలోవాట్ల వరకు అయితే లైను, ట్రాన్స్‌ఫార్మర్ బలోపేతం ఖర్చు కూడా డిస్కమే భరించాలి. 'ట్రాన్స్‌ఫార్మర్‌లో ఖాళీ లేదు' అని ఎవరైనా నోటిమాటగా అంటే, రాసివ్వమని అడగండి. లోడు పెరిగితే నెలవారీ ఫిక్స్‌డ్ ఛార్జీ కాస్త పెరుగుతుందని మాత్రం గుర్తుంచుకోండి.

వెండర్‌ని ఎలా ఎంచుకోవాలి?

పోర్టల్‌లో నమోదైన వెండర్ అయి తీరాలి, లేకపోతే సబ్సిడీ రాదు. నమోదైనవాళ్లలో కనీసం ముగ్గురి దగ్గర కొటేషన్లు రాతలో తీసుకోండి. మొత్తం ధర ఒక్కటే చూడకండి. ప్యానెల్ కంపెనీ, ఒక్కో ప్యానెల్ వాట్లు, ఇన్వర్టర్ కంపెనీ, స్ట్రక్చర్ ఎత్తు, ఇనుము మందం, నెట్ మీటర్ (వచ్చే కరెంటు, వెళ్లే కరెంటు రెండూ లెక్కించే మీటర్) ఖర్చు ఎవరిది అన్నవి అందులో ఉండాలి. జీఎస్టీ కూడా చూడండి. సోలార్ పరికరాల మీద పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5కి తగ్గింది. సామాను 70, పని 30 పాళ్లలో లెక్కిస్తే మొత్తం బిల్లు మీద పడేది 8.9 శాతం. పాత రేటు 13.8 వేసిన కొటేషన్ వస్తే తిప్పి పంపండి.

ఈ పథకంలో వెండర్ 5 ఏళ్లు మెయింటెనెన్స్ చూడాలి. ఊళ్లోనో పక్క పట్టణంలోనో మనిషి ఉన్న వెండర్‌కి నేనైతే నాలుగైదు వేలు ఎక్కువైనా ఇస్తాను.

డీసీఆర్ ప్యానెళ్లు అంటే ఏమిటి? అవి లేకుండా చవకగా వస్తాయంటున్నారు.

సెల్లు, వాటిని కూర్చి బిగించిన మాడ్యూలు రెండూ ఇండియాలో తయారైన ప్యానెళ్లు. సబ్సిడీకి ఇవే వాడాలి. దిగుమతి సెల్లుతో ఇక్కడ బిగించినవి చవక, పనితీరులో లోపమేమీ ఉండకపోవచ్చు, కానీ సబ్సిడీ పోతుంది. ప్యానెళ్లు దిగిన రోజే, పైకి ఎక్కించకముందే, వెనకవైపు స్టిక్కర్ మీది సీరియల్ నంబర్లు ఫోటో తీసుకోండి. వెండర్ ఇచ్చే డీసీఆర్ సర్టిఫికెట్‌లోని నంబర్లతో ఒక్కొక్కటీ సరిపోల్చండి. స్ట్రక్చర్ మీద బిగించాక ఆ స్టిక్కర్ చూడాలంటే ప్యానెల్ కింద పడుకోవాల్సి వస్తుంది.

## డబ్బు సంగతి

సబ్సిడీ పోను మిగతాది కడితే చాలదా?

చాలదు. సబ్సిడీ పని అంతా పూర్తయ్యాక మీ ఖాతాలో పడుతుంది. వెండర్‌కి అప్పటికే పూర్తి డబ్బు ఇవ్వాలి. 3 కిలోవాట్లు 2 లక్షలైతే, ఆ 2 లక్షలూ సర్దుకోవాలి, తర్వాత 78,000 వెనక్కి వస్తుంది. సబ్సిడీ మినహాయించుకునే మిగతాది తీసుకుంటామనే వెండర్లూ ఉన్నారు. అలాంటప్పుడు మీ ఖాతాలో పడే డబ్బు వాళ్లకు ఎప్పుడు, ఎలా ఇవ్వాలో కాగితం మీద రాసుకోండి. సంతకం చేసిన ఖాళీ చెక్కు మాత్రం ఇవ్వకండి.

లోను దొరుకుతుందా?

3 కిలోవాట్ల వరకు ప్రభుత్వ బ్యాంకులు తనఖా లేకుండా 2 లక్షల దాకా ఇస్తాయి. మీ వాటా 10 శాతం ఉండాలి. వడ్డీ రిజర్వు బ్యాంకు రెపో రేటు మీద అర శాతం ఎక్కువ, కాబట్టి రెపో మారితే ఇదీ మారుతుంది. పర్సనల్ లోనుతో పోలిస్తే చాలా తక్కువ. దరఖాస్తు జన్‌సమర్థ్ అనే ప్రభుత్వ రుణాల పోర్టల్ ద్వారా వెళ్తుంది.

2 లక్షల పనికి 20,000 మీరు పెట్టి 1,80,000 అప్పు తీసుకున్నారనుకోండి. సబ్సిడీ 78,000 రాగానే అప్పులో జమ చేస్తే 1,02,000 మిగులుతుంది. పదేళ్లకు 6 శాతం వడ్డీ అయితే నెల కిస్తీ 1,130 చిల్లర. సోలార్ వల్ల బిల్లులో తగ్గే మొత్తం ఇంతకంటే ఎక్కువ ఉంటేనే లోనుకి వెళ్లండి.

## బిగించేటప్పుడు

పని జరుగుతుంటే దగ్గరుండి ఏం చూడాలి?

స్లాబుకి వేసే బోల్టుల చుట్టూ నీళ్లు దిగకుండా కాంక్రీటు దిమ్మెలు పోశారా లేదా చూడండి. వానాకాలంలో హాల్లో చెమ్మ కనిపించాక వెండర్ రాడు. ఇనుము వేడి జింకు పూత ఉన్నదై ఉండాలి, కోసినచోట పూత పోతుంది కాబట్టి అక్కడ రంగు వేయించండి. విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలికి ఆ కోతల దగ్గరే తుప్పు మొదలవుతుంది. తుపాను గాలిని తట్టుకునే స్ట్రక్చర్ అని కొటేషన్‌లో రాయించుకోండి. ఎర్తింగు, పిడుగు నిరోధకం వేరువేరు గుంటలకు కలపాలి. రెండూ ఒకే గుంటకు తోసేయడం ఎక్కువగా కనిపించే కక్కుర్తి.

నెట్ మీటర్ ఇంకా రాలేదు. ఈలోగా సోలార్ ఆన్ చేసుకోవచ్చా?

చేయొద్దు. పాత ఎలక్ట్రానిక్ మీటర్లు చాలావాటికి కరెంటు లోపలికి వస్తోందా బయటికి వెళ్తోందా అన్న తేడా తెలీదు. మీరు లైనుకి పంపిన యూనిట్లను కూడా మీరు వాడినట్టే కలిపేస్తాయి. సోలార్ పెట్టిన నెల బిల్లు రెట్టింపు వచ్చిందని లబోదిబోమనేవాళ్ల కథ ఇదే. అధికారి తనిఖీ చేసి, రెండువైపులా లెక్కించే మీటరు బిగించాకే ఆన్ చేయాలి.

సబ్సిడీ ఎన్నాళ్లకు పడుతుంది?

తనిఖీ అయి, ప్లాంటు పని మొదలుపెట్టిందని తెలిపే కమిషనింగ్ రిపోర్టు పోర్టల్‌లో చేరాక, మీరు బ్యాంకు ఖాతా వివరాలు, రద్దు చేసిన చెక్కు అప్‌లోడ్ చేయాలి. అక్కడినుంచి 30 రోజుల లోపు అని ప్రభుత్వం చెబుతోంది. పడకపోతే పోర్టల్‌లో లాగిన్ అయి ఏ మెట్టు దగ్గర ఆగిందో చూడండి. చాలాసార్లు వెండర్ ప్యానెళ్ల నంబర్లు తప్పుగా ఎక్కించి ఉంటాడు, లేదా కమిషనింగ్ రిపోర్టు డిస్కం దగ్గరే ఉండిపోయి ఉంటుంది. 'రిక్వెస్ట్' బటన్ నొక్కడం మర్చిపోయి నెలల తరబడి ఎదురుచూసేవాళ్లూ ఉన్నారు.

## వాడకం మొదలయ్యాక

సోలార్ పెట్టినా బిల్లు సున్నా రాలేదేం?

యూనిట్లు సున్నా అయినా ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ ఉంటాయి. పాత నెలల సర్దుబాటు ఛార్జీలు ఉంటే అవీ వస్తాయి. పైగా జూలై, ఆగస్టుల్లో ముసురు పట్టినప్పుడు ఉత్పత్తి బాగా పడిపోతుంది.

యాప్‌లో 350 యూనిట్లు చూపిస్తోంది, బిల్లులో ఎగుమతి 210 మాత్రమే. మిగతావి ఎక్కడికి పోయాయి?

ఎక్కడికీ పోలేదు, మీరే వాడేశారు. పగలు ఫ్రిజ్, మోటారు, ఏసీ నడుస్తుంటే సోలార్ కరెంటు నేరుగా వాటికే వెళ్తుంది, మీటర్ దాకా రాదు. ఇంట్లో వాడగా మిగిలిందే లైనుకి వెళ్లి ఎగుమతి కింద నమోదవుతుంది. రాత్రి మీరు లైను నుంచి తీసుకున్నది దిగుమతి. దిగుమతి 260, ఎగుమతి 210 అయితే బిల్లు 50 యూనిట్లకే. యాప్ అంకె, మీటర్ అంకె ఎప్పుడూ ఒకటి కావు.

మిగిలిన యూనిట్లకు డబ్బు ఇస్తారా?

ఒక నెలలో ఎగుమతి ఎక్కువైతే ఆ యూనిట్లు తర్వాతి నెలకు జమ అవుతాయి. లెక్క తేల్చే గడువు వచ్చాక కూడా మిగిలితే, విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయించిన ధర ఇస్తారు. అది మీరు పై స్లాబులో కట్టే రేటు కంటే బాగా తక్కువ. కరెంటు అమ్మి సంపాదిద్దామని 10 కిలోవాట్లు పెట్టించడం దండగ.

కరెంటు పోతే సోలార్‌తో ఫ్యాన్ తిరుగుతుందా?

తిరగదు. మిట్టమధ్యాహ్నం ఎండ మండుతున్నా సరే. లైనులో కరెంటు ఆగగానే ఇన్వర్టర్ దానంతటదే ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్‌కి మీ ఇంటి కరెంటు తగలకూడదు కదా. కోతలు ఎక్కువగా ఉండే ఊళ్లలో హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ పెట్టించుకోవచ్చు. బ్యాటరీకి ఈ పథకంలో సబ్సిడీ లేదు, దాని ఖర్చంతా మీదే. ఇంట్లో పాత ఇన్వర్టర్, బ్యాటరీ ఉంటే అది ఎప్పటిలాగే విడిగా పనిచేస్తుంది.

ప్యానెళ్లు ఎన్నాళ్లకోసారి కడగాలి?

వానల్లేని రోజుల్లో పది పదిహేను రోజులకోసారి. పొద్దున్నే, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు మామూలు నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. ఎండలో కాలిపోతున్న గాజు మీద చన్నీళ్లు పోస్తే పగిలే ప్రమాదముంది. బోరు నీటిలో సున్నం ఎక్కువుంటే గాజు మీద తెల్లటి మరకలు కడతాయి, వెంటనే తుడిచేయండి. పావురాల రెట్ట ఎండకముందే తీయాలి. కోతులున్న చోట మాత్రం ప్యానెళ్ల కంటే వాటి కింద వేలాడే తీగలకే ఎక్కువ ముప్పు. తీగలన్నీ పైపుల్లోంచి పోనిచ్చేలా మొదట్లోనే అడగండి.

ఇన్వర్టర్ పాడైతే ఎవరు చూస్తారు?

మొదటి 5 ఏళ్లు వెండర్. ప్యానెళ్లకు 25 ఏళ్ల పనితీరు వారంటీ ఉంటుంది కానీ ఇన్వర్టర్‌ది అంత ఉండదు, వాడుతుండగా ఒకసారైనా మార్చాల్సి వస్తుందని లెక్క వేసుకోండి. వారంటీ కార్డులు వెండర్ పేరు మీద కాకుండా మీ పేరు మీద, సీరియల్ నంబర్లతో తీసుకోండి. వెండర్ దుకాణం ఎత్తేసినా కంపెనీకి నేరుగా ఫిర్యాదు చేయడానికి అవే ఆధారం.